1957 బెల్ ఎయిర్, 1/25 స్కేలు: ఇంజన్ తీగలు, క్రోమ్ అంచులు, బంగారు రంగు గ్రిల్

నీలిపొగ | హైదరాబాదు

అందరికీ నమస్కారం. 1957 షెవ్రొలే బెల్ ఎయిర్ రెండు తలుపుల హార్డ్‌టాప్ మొదలుపెట్టాను. ఏఎమ్‌టీ కంపెనీ ప్లాస్టిక్ మోడల్ కిట్, 1/25, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు. బాడీ మీద అచ్చు గీతలు గీకేసి ప్రైమర్ కొట్టడం అయింది. కింద లార్క్‌స్పర్ బ్లూ, పైకప్పుకు ఇండియా ఐవరీ వేద్దామని ఉంది. ఇంజన్ 283 ఘనపు అంగుళాల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది.

కిట్‌లో ఇచ్చినవి ఇచ్చినట్టు అతికిస్తే చక్కటి బొమ్మ వస్తుంది. నాకు అది చాలదు. ఈ కారు మీద నాకున్న ఇష్టమంతా దాని అలంకారం మీదే: వెనక తోకరెక్కలు, బానెట్ మీద జంట రాకెట్లు, ముందు ఫెండర్ మీద మూడు బంగారు గీతలు. అవి కుదరకపోతే మిగతాది ఎంత శుభ్రంగా చేసినా ప్రయోజనం లేదు.

స్పార్క్ ప్లగ్ తీగలకు ఎంత మందం వాడాలి, వాటిని ఎటు తిప్పాలి? బాడీ పక్కల ఉన్న క్రోమ్ పట్టీలకు ఫాయిల్ (అంటుకునే పలుచటి లోహపు రేకు) మంచిదా, క్రోమ్ పెన్ను మంచిదా? ముందున్న జాలీకి, అంటే గ్రిల్‌కు, బంగారు రంగు ఎలా తేవాలి? ఇంజన్ పైన రెండు పక్కలా ఉండే మూతలు, అంటే వాల్వ్ కవర్లు, కిట్‌లో క్రోమ్ పూతతో వచ్చాయి, అలాగే ఉంచవచ్చా?

సన్నబ్లేడు | విజయవాడ

ఫాయిల్ వాడండి. పట్టీల విషయంలో నాకు రెండో మాట లేదు.

క్రోమ్ పెన్ను, అంటే మోలోటో లాంటిది, అద్దంలా మెరుస్తుంది నిజమే. కానీ పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది, వేలు తగిలితే మసకబారుతుంది, పైన క్లియర్ (పారదర్శక వార్నిష్) కొడితే వెండి రంగు పెయింటులా మిగులుతుంది. చెయ్యి తగలని చోట్లకు, గుండ్రటి చిన్న భాగాలకు పెన్ను ఉంచుకోండి. బాడీ పొడవునా సాగే పట్టీకి బేర్ మెటల్ కంపెనీ ఫాయిలే.

షీటు మీదే పట్టీ కంటే కొంచెం వెడల్పుగా కత్తిరించి, పట్టకారుతో లేపి, లాగకుండా పరచండి. ముందు వేలి కొసతో, తర్వాత దూది పుల్లతో, చివరగా చెక్కిన టూత్‌పిక్‌తో అంచుల్లోకి నొక్కాలి. ముడత పడిందంటే దాన్ని సరిచేయబోకండి, తీసేసి కొత్త ముక్క వేయండి. కోసేటప్పుడు 11వ నంబరు బ్లేడు కొత్తది ఉండాలి. బ్లేడు బరువు తప్ప చేతి బరువు పడకూడదు. ఒక్క గీతలో ఫాయిల్ తెగాలి, రంగు తెగకూడదు. బ్లేడు మొన కాస్త మొద్దుబారినా ఫాయిల్ చిరిగి అంచు పళ్లు పళ్లుగా వస్తుంది. ఒక పక్క పట్టీ అయ్యేసరికి నేను రెండు మూడు మొనలు మారుస్తాను.

ఇంకో సంగతి. బెల్ ఎయిర్ వెనక ఫెండర్ మీద ముక్కోణంలా సాగే భాగంలో గీతలున్న అల్యూమినియం రేకు ఉంటుంది. అది క్రోమ్ కాదు, దాని మెరుపు తక్కువ. చుట్టూ ఉన్న అంచు మాత్రం క్రోమ్. రెండింటికీ ఒకే ఫాయిల్ వేస్తే అక్కడ వెండి ముద్ద ఒకటి కనిపిస్తుంది తప్ప రేకు, అంచు విడిగా తెలియవు. బేర్ మెటల్ వారిదే మ్యాట్ అల్యూమినియం షీటు వస్తుంది. లోపలికి అది, అంచుకు క్రోమ్. లోపలి గీతల్లోకి బాగా పలుచన చేసిన బూడిద రంగు వాష్ దింపండి.

వుడ్‌వర్డ్ వీధి | మిషిగన్

తీగల మందం లెక్కతోనే తేలిపోతుంది. ఆ రోజుల్లో ప్లగ్ తీగ 7 మి.మీ. ఉండేది. 25తో భాగిస్తే 0.28. కాబట్టి 0.3 మి.మీ. దాటవద్దు. ప్లగ్ వైర్ అని అమ్మే తీగల్లో 0.5 మి.మీ.వి కూడా ఉన్నాయి. అసలు కారుకు లెక్కకడితే అది 12.5 మి.మీ., తోటకు నీళ్లు పట్టే గొట్టమంత. ఇంజన్ మీద ఎంత శ్రమపడినా ఆ ఒక్క తీగ చూడగానే ఇది మోడల్ అని చెప్పేస్తుంది.

ఎటు తిప్పాలన్నది ఇంకా ముఖ్యం. మీరు ఇంటర్నెట్‌లో చూసే ఇంజన్లలో సగం తీగలు వాల్వ్ కవర్ల మీదుగా పోతుంటాయి. 1957లో ఫ్యాక్టరీ అలా అమర్చలేదు. ఈ ఇంజన్‌లో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వెనక భాగంలో, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ సీట్లకూ మధ్య గోడ) దగ్గర ఉంటుంది. తీగలు అక్కడి నుంచి సిలిండర్ హెడ్ వెనకగా కిందికి దిగి, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాలు) కిందుగా ముందుకు సాగి, ప్లగ్గులకు కింది నుంచి అందుతాయి. బానెట్ ఎత్తి పైనుంచి చూస్తే డిస్ట్రిబ్యూటర్ మూత దగ్గర తీగల గుత్తి కనిపిస్తుంది, ఆ తర్వాత అవి మాయమవుతాయి.

మూతలో రంధ్రాలు పెట్టేటప్పుడు ప్లగ్గులు వెలిగే క్రమం కూడా సరిగ్గా పెట్టండి. పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిశలో 1-8-4-3-6-5-7-2. డ్రైవరు వైపు, అంటే ఎడమ వైపు, ముందు నుంచి 1, 3, 5, 7. కుడి వైపు 2, 4, 6, 8. తొమ్మిదో తీగ కాయిల్ నుంచి మూత మధ్యకు. ఎవరూ లెక్కపెట్టరని అనుకోకండి. ఇక్కడ దాదాపు ప్రతి ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995 నుంచి జరుగుతోంది. అక్కడ బానెట్లు తెరిచి కూర్చునే పెద్దవాళ్లకు ఈ క్రమం నోటికి వచ్చు.

ఇక వాల్వ్ కవర్లు. 283కి ఫ్యాక్టరీలో ఇంజన్ మొత్తం నారింజ రంగు, మామూలు వాల్వ్ కవర్లతో సహా. వాటి మీద షెవ్రొలే అని ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. క్రోమ్ కవర్లు తర్వాతి కాలంలో యజమానులు తగిలించుకున్నవి. పూత తీసేయండి.

ఆరు సిలిండర్లు | గుంటూరు

నేను ఈ మధ్యే మొదలుపెట్టాను, చాలా నేర్చుకుంటున్నాను. రెండు సందేహాలు. క్రోమ్ పూత తీయడం ఎలా? ఫాయిల్ ఇక్కడ దొరకదు, తెప్పించుకుంటే ఖరీదు. వంటింటి అల్యూమినియం రేకు గానీ, మిఠాయిల మీద వేసే వెండి వరక్ గానీ పనికొస్తాయా?

సన్నబ్లేడు | విజయవాడ

వరక్ చాలా పలుచన, గీతలన్నీ అచ్చంగా తేలతాయి. కానీ బ్లేడు కంటే ముందు ఊపిరికే చిరుగుతుంది, పైగా వెండి కొన్నాళ్లకు నల్లబడుతుంది. వంటింటి రేకు మందం ఎక్కువ, వంపుల దగ్గర లొంగదు. చాక్లెట్ల లోపలి పలుచటి రేకు నయం. వెనక కాగితం ఉంటే నానబెట్టి తీసేసి, ఫాయిల్ జిగురు పలుచగా పూసి, అంటుకునే దశకు వచ్చాక వేయండి. కిటికీ అంచులకు చక్కగా సరిపోతుంది, గీతలున్న చోట మాత్రం కష్టం. ఒక షీటుతో రెండు మూడు కార్లు అవుతాయి కాబట్టి అసలు ఫాయిలే కొనమంటాను. నిల్వ ఉన్న పాత షీటు మాత్రం కొనకండి, జిగురు ఎండిపోయి అంచులు చిట్లుతాయి.

కాటుక వాష్ | విశాఖపట్నం

క్రోమ్ పూతకు బట్టలకు వాడే బ్లీచ్ చాలు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి భాగాలు ముంచితే కొద్దిసేపట్లోనే మెరుపు కరిగిపోతుంది, మొండిది రాత్రంతా ఉంచాలి. కింద వార్నిష్ లాంటి పొర మిగిలితే అది వేరే పని. గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి. బాత్రూం కడిగే యాసిడ్ పొరపాటున కూడా దాంట్లో కలవకూడదు, విషవాయువు వస్తుంది.

వుడ్‌వర్డ్ వీధి గారూ, తీగల సంగతి చదివి నా ఇంజన్‌ను మళ్లీ చూసుకున్నాను, చాలా ఉపయోగపడింది. కానీ వాల్వ్ కవర్ల విషయంలో మీతో ఏకీభవించలేను. ఈ రోజు రోడ్డు మీద తిరిగే 1957 షెవ్రొలేల్లో క్రోమ్ కవర్లున్నవి ఎన్నో. అవి కూడా నిజమైన కార్లే కదా? యజమాని ఇష్టపడి మెరిపించుకున్న బండిని మోడల్‌గా చేస్తే అది తప్పు ఎలా అవుతుంది?

వుడ్‌వర్డ్ వీధి | మిషిగన్

తప్పు కాదండీ. నేను చెప్పదలచుకున్నది సరిగ్గా అక్కడే ఉంది. మొదటి చుక్క రంగు వేయకముందే ఒకటి తేల్చుకోవాలి: ఈ మోడల్ ఆ కారు జీవితంలో ఏ రోజుది? 1957లో షోరూం నుంచి దిగిన రోజా, 1963లో ఒక కుర్రవాడు పాత బండి కొని సొంతంగా మార్చుకున్న రోజా, నిరుడు ప్రదర్శనకు వచ్చిన రోజా? డీటైలింగ్ అంటే కనిపించినవన్నీ కలుపుకుంటూ పోవడం కాదు. ఆ ఒక్క రోజున కారులో ఏముందో అది పెట్టడం, లేనిది పెట్టకపోవడం.

షోరూం రోజైతే నారింజ వాల్వ్ కవర్లు, జనరేటర్, వెడల్పు తెల్ల అంచు టైర్లు. బ్యాటరీని ఛార్జి చేసే ఆ జనరేటర్ పొడవాటి స్తూపంలా ఉంటుంది. జనరల్ మోటార్స్ కార్లకు దాని స్థానంలో ఆల్టర్నేటర్ మామూలు సామగ్రిగా వచ్చింది 1963లో. విడిగా అమ్మే ఇంజన్ సెట్లలో తరచు ఆల్టర్నేటరే ఉంటుంది, దాన్ని ఫ్యాక్టరీ ఇంజన్ మీద పెడితే కథ చెడుతుంది. ప్రదర్శన కారైతే క్రోమ్ కవర్లు, ఆల్టర్నేటర్, రంగు తీగలు అన్నీ హాయిగా పెట్టుకోవచ్చు. అప్పుడు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ కూడా పూత పూసినట్టు మచ్చ లేకుండా ఉండాలి. షోరూం ఇంజన్‌లో అది పోత ఇనుము, ఒకసారి వేడెక్కగానే బూడిద, గోధుమ రంగుల్లోకి మారుతుంది. సగం ఇక్కడి నుంచి, సగం అక్కడి నుంచి తెచ్చి పెట్టడమే నాకు నచ్చనిది.

కాటుక వాష్ | విశాఖపట్నం

అలా అంటే ఒప్పుకుంటాను. నాది ప్రదర్శన కారు అని గట్టిగా రాసిపెట్టుకుంటాను.

నీలిపొగ | హైదరాబాదు

నాది షోరూం కారే. ఇప్పుడు స్పష్టంగా తెలిసింది, కవర్ల పూత ఈ రోజే తీసేస్తాను. తీగకు కోఠి గుజరాతీ గల్లీలో ఎనామెల్ పూత ఉన్న రాగి తీగ అడుగుతాను, మోటార్లు చుట్టేవాళ్లు వాడేది. నల్ల రంగు వేస్తే సరిపోతుంది కదా?

మాదిరి మేస్త్రి | బెంగళూరు

సరిపోతుంది. 0.25 మి.మీ. మందం తీగ అడగండి. పైన రంగు పడ్డాక 0.28 దగ్గరకు వస్తుంది. రాగి తీగకు ఒక సుగుణం ఉంది, వంచిన చోట వంచినట్టే ఉంటుంది. ఒక దోషం కూడా: రబ్బరు తీగ బరువుతో వాలే వంపు దానికి తనంతట రాదు. సన్నటి చువ్వకు చుట్టి ఆ వంపు మీరే ఇవ్వాలి. మూతలో రంధ్రానికి పిన్ వైస్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడి) 0.3 మి.మీ. డ్రిల్. ముందు సూదితో చిన్న గుంట పెట్టకపోతే డ్రిల్ జారుతుంది. మధ్య రంధ్రం మొదట పెట్టి, దాన్ని ఆధారం చేసుకుని చుట్టూ ఎనిమిది.

రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో మిగతా పనులన్నిటికంటే ఇది పెద్దది. 1/25లో 0.1 మి.మీ. రంగు పొర అంటే అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల పొర. ప్రైమర్, రంగు, క్లియర్ కలిసి బానెట్ మీది షెవ్రొలే అక్షరాలను, తలుపు సందులను మింగేస్తాయి. అందుకే సందులను రంగు వేయకముందే గీసే పరికరంతో కొంచెం లోతు చేయాలి. రంగు డబ్బా నుంచి నేరుగా కొట్టకుండా ఎయిర్‌బ్రష్‌తో పలుచటి పొరలుగా వేయండి. డబ్బాలో స్ప్రే మాత్రమే దొరికితే దాన్ని గ్లాసులోకి దింపి, గ్యాసు పూర్తిగా పోయేదాకా మూత పెట్టకుండా ఉంచి, అప్పుడు ఎయిర్‌బ్రష్‌లో పోయండి.

వానాకాలంలో లాకర్ రంగు కొట్టకండి. గాలిలో తేమ రంగు మీద పేరుకుని పాలపొరలా తెల్లబడుతుంది. తప్పనిసరైతే ఆలస్యంగా ఆరే థిన్నర్ కలపండి.

క్లియర్ గట్టిపడ్డాక మైక్రోమెష్‌తో (రంగును నునుపు చేసే సన్నటి గుడ్డ) 3200 నుంచి 12000 దాకా నీళ్లతో రుద్దండి. తోకరెక్కల అంచుల మీద మాత్రం రుద్దవద్దు, రంగు మొదట పోయేది అక్కడే.

సన్నబ్లేడు | విజయవాడ

మేస్త్రి గారు అక్షరాల మాట ఎత్తారు కాబట్టి చెబుతాను. దీనికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. ప్రైమర్ మీద, రంగు వేయకముందే, బానెట్ మీది షెవ్రొలే అక్షరాలకు ఫాయిల్ వేయండి. టూత్‌పిక్‌తో ప్రతి అక్షరం చుట్టూ నొక్కి, అక్షరాల గుత్తిని ఆనుకుని కోసేయండి. దాని మీదే రంగు కొట్టండి. రంగు ఆరాక, చదునైన పుల్లకు నూలు గుడ్డ చుట్టి, థిన్నర్ తడి చేసి, తడి దాదాపు ఆరిపోయాక అక్షరాల తలల మీద మాత్రమే మెల్లగా రాయండి. పైనున్న రంగు పోయి కింద ఫాయిల్ బయటపడుతుంది. అక్షరాల మధ్య రంగు అలాగే ఉంటుంది. కుంచెతో ఎంత నేర్పుగా దిద్దినా ఆ పదును రాదు. తర్వాత పైన క్లియర్.

ఫెండర్ మీది మూడు గీతలకు, బానెట్ మీది 'వీ' గుర్తుకు కూడా ఇదే. వెనక బెల్ ఎయిర్ అన్న అక్షరాలకు మాత్రం ఇది అక్కరలేదు, అవి వెండి రేకు మీదే కూర్చుంటాయి.

ఆరు సిలిండర్లు | గుంటూరు

ఆ 'వీ' గుర్తు అన్ని 1957 షెవ్రొలేలకూ ఉంటుందా? నా కిట్‌కు ఆరు సిలిండర్ల ఇంజన్ పెట్టాలని ఉంది.

వుడ్‌వర్డ్ వీధి | మిషిగన్

ఉండదు. అది వీ8 కార్లకే. మీరు ఆరు సిలిండర్లు పెడితే బానెట్ మీద, డిక్కీ మీద ఆ 'వీ'ని గీకేసి సాపు చేయాలి. ఇంజన్ రంగు కూడా నారింజ కాదు, నీలం. ఆ ఇంజన్ పేరే బ్లూ ఫ్లేమ్, 235 ఘనపు అంగుళాలు.

అవతలి కొస రామ్‌జెట్ ఇంజన్. రోచెస్టర్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 283 ఘనపు అంగుళాలకు 283 హార్స్‌పవర్ అని ప్రకటించింది షెవ్రొలే ఆ ఏడాదే. దాని అల్యూమినియం పెట్టె ఇంజన్ మీద ఎంతో అందంగా ఉంటుంది. కానీ నీలిపొగ గారూ, అది పెడితే ఫెండర్ మీద ఫ్యూయల్ ఇంజెక్షన్ అన్న పేరు కూడా రావాలి. మామూలు నాలుగు గొట్టాల కార్బ్యురేటర్‌తో ఉంటే మీకు పని సులువు.

కాటుక వాష్ | విశాఖపట్నం

బంగారు గ్రిల్ అడిగారు, ఇది నా వంతు.

బంగారు రంగు పెయింట్ వేయకండి. డబ్బాలో బంగారంగా కనిపించేది గ్రిల్ మీద ఇత్తడి పొడిలా కనిపిస్తుంది. ఇక్కడ కావలసింది రంగు వేసిన లోహం కాదు, రంగెక్కిన అల్యూమినియం మెరుపు. కిట్‌లో గ్రిల్‌కు ఉన్న క్రోమ్ పూతను తీయకుండా, దాని మీదే పారదర్శక రంగు వేయాలి. టమియా ఎక్స్-24 పసుపు, దాంట్లో రెండు మూడు చుక్కలు ఎక్స్-26 నారింజ, ఒక్క చుక్క ఎక్స్-19 పొగ రంగు. ఆల్కహాల్‌తో బాగా పలుచన చేసి ఎయిర్‌బ్రష్‌తో రెండు పొగల్లా వేయండి. మూడో పొరకే తేనె రంగులోకి జారిపోతుంది, కాబట్టి రెండుతోనే ఆపాలి.

అడ్డంగా పోయే లావు కడ్డీ, దాని రెండు చివర్ల ఉన్న పార్కింగ్ దీపాల చట్రాలు క్రోమే. వాటికి ముందే మాస్కింగ్ టేపు వేయండి. జాలీ ఆరాక నలుపు పలుచన చేసి గళ్లలోకి దింపండి. కాటుక నలుపు కాదు, గోధుమ కలిసిన నలుపు. అచ్చమైన నలుపు పోస్తే బంగారం పాలిపోతుంది. వాష్ ఎనామెల్ అయితే కింద ఉన్న ఆక్రిలిక్ కరగదు. పొంగిన చోట తెల్ల పెట్రోల్ అద్దిన దూది పుల్లతో కింది నుంచి పైకి తుడవండి.

సన్నబ్లేడు గారు చెప్పిన అక్షరాలకు, మూడు గీతలకు కూడా ఇదే పారదర్శక మిశ్రమం సన్న కుంచెతో. అప్పుడు ముందు, పక్క, వెనక బంగారం అంతా ఒకే ఛాయలో ఉంటుంది. ఒక్కోచోట ఒక్కో బంగారం కనిపిస్తే కన్ను అక్కడే ఆగిపోతుంది.

నీలిపొగ | హైదరాబాదు

కాటుక వాష్ గారూ, చెంచా మీద ప్రయత్నించాను, మెరుపు చూసి చాలా సంతోషం కలిగింది. బంగారమే!

రెండు చిన్నవి. లోపల నేల మీద తివాచీకి ఏమి వాడాలి? సీటు బెల్టులు ఫోటో ఎచ్ (పలుచటి లోహపు భాగాల) సెట్‌లో వచ్చాయి, పెట్టాలా?

మాదిరి మేస్త్రి | బెంగళూరు

తివాచీకి ఎంబాసింగ్ పౌడర్, కార్డుల తయారీలో వాడే సన్నటి పొడి. నూలు పొడి వద్దు, ఈ స్కేలులో అది పెరిగిన గడ్డిలా కనిపిస్తుంది. లోపలి రంగు తడిగా ఉన్నప్పుడే టీ వడపోత జల్లెడతో చల్లి, ఆరాక దులిపి, అదే రంగు పలుచగా మళ్లీ కొట్టండి. పౌడర్ దొరకకపోతే వంట సోడా, కానీ పైన రంగు తప్పనిసరి.

బెల్టులు వద్దు. 1957లో అవి అదనపు డబ్బు పెట్టి కొనుక్కునేవి, ఎక్కువ కార్లలో ఉండేవి కావు.

టైర్ల మాట మరిచిపోయేలా ఉన్నాను. అసలు కారుకు తెల్ల అంచు రెండు అంగుళాల పైనే ఉండేది, మోడల్‌లో రెండు మిల్లీమీటర్ల పైన రావాలి. పాత కిట్‌లలోని వినైల్ టైర్లు ప్లాస్టిక్ చక్రాన్ని మెల్లమెల్లగా కరిగిస్తాయి. టైరు తగిలే చోట చక్రానికి ఫాయిల్ చుట్టండి. మిగిలిపోయిన ఫాయిల్ ముక్కలకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

తోకరెక్క | డాలస్

ఆలస్యంగా వచ్చాను. నీలిపొగ గారు రంగు ఇంకా వేయలేదు కాబట్టి ఒకటి అందుకోవచ్చు. 1957 షెవ్రొలేకు పెట్రోల్ పోసే మూత బయటికి కనబడదు. ఎడమ తోకరెక్క వెనక అంచున నిలువుగా ఉన్న క్రోమ్ పట్టీలోనే చిన్న తలుపు ఉంటుంది, అది తెరిస్తే లోపల మూత. కిట్‌లో ఆ పట్టీ ఏకముక్కగా ఉంటే తలుపు గీత మీరే గీయాలి. మందపాటి టేపు ముక్కను అంచుగా పెట్టుకుని, సూది మొనతో ఒత్తిడి లేకుండా నాలుగైదుసార్లు లాగండి. గీత ఎడమ వైపే, కుడి రెక్క మీద గీయకండి. ఫాయిల్ వేసేటప్పుడు గీత మీదుగా ఒకే ముక్క పరచి టూత్‌పిక్‌తో లోపలికి నొక్కితే చాలు, కోయనక్కరలేదు.

నీలిపొగ | హైదరాబాదు

ఇది నాకు అసలు తెలియదండీ, ఎంత బాగుందో! కిట్‌లో చూశాను, రెండు రెక్కలూ ఒకేలా ఉన్నాయి. రంగు ఆపి ముందు ఎడమ రెక్క గీస్తాను. మూత కూడా తెరిచి చూపించవచ్చా?

తోకరెక్క | డాలస్

చూపించవచ్చు, కానీ ఈ స్కేలులో ఆ తలుపు పలుచన చేయడం పెద్ద పని. రెక్క గోడ మందం లోపలి నుంచి గీకి సగానికి తగ్గించాలి, లేకపోతే తెరిచిన తలుపు ఇటుకలా కనిపిస్తుంది. ఈ బండికి మూసే ఉంచండి. గీత ప్రైమర్ దశలోనే గీసి, మళ్లీ ఒక పలుచటి ప్రైమర్ పొర వేసి, గీత పూడిపోలేదని చూసుకున్నాకే నీలం రంగు మొదలుపెట్టండి.